ఎత్తుకు ఎత్తు వెండి

తపాలా కథ – 6వ భాగం

కంపెనీ రూపాయి బరువు సరిగ్గా ఒక తులం. 1835లో నాణేల చట్టం తెచ్చినప్పుడు కట్టిన లెక్క అది. 180 గ్రెయిన్లు, ఇప్పటి కొలతలో 11.66 గ్రాములు. ఆ రోజుల్లోనే కలకత్తా నుంచి బొంబాయికి తులం బరువున్న ఉత్తరం పంపాలంటే తపాలా కూలి ఒక రూపాయి. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. త్రాసులో ఒక తట్టలో ఉత్తరం, రెండో తట్టలో దాని కూలి వేస్తే ముల్లు నిటారుగా నిలబడుతుంది. కాగితాన్ని ఎత్తుకు ఎత్తు వెండి పోసి పంపుకున్నారన్నమాట. సత్యభామ తులాభారంలో ఆఖరికి ఒక్క తులసిదళమైనా తూగింది. తపాలా కచేరీలో తులసిదళం చెల్లదు.

కలకత్తా నుంచి ఆగ్రాకైతే తులానికి ముప్పావలా. దూరం పెరిగినకొద్దీ కూలి పెరిగేది, బరువు పెరిగినకొద్దీ మళ్ళీ పెరిగేది. పోయిన వారం చెప్పుకున్న 1837 చట్టం చేసిన ఏర్పాటు ఇది. ఆ చట్టం కంపెనీ ఏలుబడిలో ఉత్తరాలు మోసే హక్కు సర్కారుకే దఖలు పరిచింది. వ్యాపారులు తమలో తాము నడుపుకున్న మహాజనీ డాకులకు చెల్లుచీటీ ఇచ్చింది. హక్కు గట్టిగా పట్టుకున్నారు గాని, పని మాత్రం ఎవరి చేతికీ పూర్తిగా అప్పగించలేదు. బెంగాలు తపాలా బెంగాలుది, మద్రాసు తపాలా మద్రాసుది. అందరి మీదా అజమాయిషీ చేసే పెద్ద ఒకరు లేరు. జిల్లాలో తపాలా చూసుకోవడం కలెక్టరు గారికి ఉన్న నూట పదహారు పనుల్లో ఇంకొకటి. ఆయన దాన్ని కింది అధికారికి తోసేవాడు, ఆ అధికారి తన గుమాస్తాకు తోసేవాడు.

మన తెలుగువాళ్ళకు ఈ సంగతిలో ఒక దగ్గరి మనిషి ఉన్నాడు. వేమన పద్యాలు వెతికి పట్టుకున్న, నిఘంటువు కట్టిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1846లో ఆయనకు అప్పగించిన కొలువుల్లో మద్రాసు పోస్టుమాస్టర్ జనరల్ పదవి ఒకటి, సర్కారు తెలుగు అనువాదకుడి పని ఇంకొకటి. తాళపత్రాలు సరిచూసే పండితులూ తపాలా కాగితాలూ ఒకే దొర బల్ల చుట్టూ తిరగడం తలుచుకుంటే నాకు ముచ్చటగానే ఉంటుంది. అయితే ఒక రాజధాని తపాలాకు అధిపతి అయినవాడికి ఇంకో కొలువు కూడా చేసే తీరిక ఉందంటే, ఆ అధిపత్యం ఎంతపాటిదో ఊహించుకోవచ్చు.

అప్పట్లో ఉత్తరం నడిచేది మనిషి కాళ్ళ మీద. ఐదారు మైళ్ళకొక మజిలీ. అక్కడ ఒక బంట్రోతు సంచి అందుకుని పరుగెత్తి తరువాతి మజిలీలో ఇంకొకడి భుజానికెత్తేవాడు. ఈ మజిలీనే మన పెద్దలు అంచె అన్నారు. మైసూరు ఒడయార్ల కాలం నుంచి కన్నడంలో తపాలా అంటేనే అంచె. మనం మాత్రం ఆ మాటను తపాలా నుంచి ఊడదీసి, ఫలానావాడు అంచెలంచెలుగా ఎదిగాడని పొగడటానికి వాడుకుంటున్నాం. ఉత్తరాదిన డాక్ అనేదాన్ని మద్రాసు వైపు తెల్లదొరలు కూడా టప్పాల్ అనే అన్నారు. బరువైన కట్టలు కావడి మీద పోయేవి, అదే బంగీ. మన పాత పుస్తకాల వెనక అట్టల మీద ‘బంగీ ఖర్చు ప్రత్యేకం’ తరహా మాటలు చూసినవాళ్ళకు ఇది తెలిసిన పదమే. బంట్రోతు చేతిలో గజ్జెలు కట్టిన ఈటె ఉండేది. ఆ చప్పుడుకు దారిలో పాములు తప్పుకునేవి, ముందు మజిలీవాడు నిద్ర లేచేవాడు.

ఇంత మంది పరుగెత్తితే తులానికి రూపాయి పడటంలో వింత ఏముంది అనిపిస్తుంది. అందరికీ అలాగే అనిపించింది. కాదని లెక్క వేసి చూపించినవాడు లండన్‌లో రోలండ్ హిల్. 1837లో, అంటే మన దగ్గర దూరాన్ని బట్టి కూలి నిర్ణయించిన ఏడాదే, ఆయన బ్రిటన్ తపాలా సంస్కరణ మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. లండన్ నుంచి ఎడిన్‌బరోకు ఒక ఉత్తరం మోయడానికి నిజంగా అయ్యే ఖర్చెంత? పెన్నీలో 36వ వంతు. ఒక సంచిలో వంద ఉత్తరాలు పోయినా, వెయ్యి పోయినా గుర్రం అదే, బండి అదే. డబ్బంతా కరిగిపోయేది రెండు కొసల దగ్గర. ప్రతి ఉత్తరాన్నీ తూచడం, దూరం లెక్క కట్టడం, పద్దు రాయడం, ఇల్లిల్లూ తిరిగి డబ్బు వసూలు చేయడం, ఆ డబ్బుకు మళ్ళీ లెక్క చెప్పడం. ఈ తతంగం తీసేసి, ఎంత దూరమైనా ఒకే ధర పెట్టి, పంపేవాడి చేతే ముందుగా కట్టించుకుంటే చాలన్నాడు. 1840లో పెన్నీ తపాలా వచ్చింది. బ్రిటన్‌లో ఏడాదికి దాదాపు 7.6 కోట్లున్న ఉత్తరాలు ఒక్క ఏడు తిరిగేసరికి 16.9 కోట్లయ్యాయి.

ఇక్కడో సంగతి చాలా చరిత్రలు దాటవేస్తాయి. ఉత్తరాలు రెట్టింపయ్యాయి గాని బొక్కసం నిండలేదు. తపాలా మీద బ్రిటిష్ ప్రభుత్వానికి మిగిలే నికర ఆదాయం మూడో వంతుకు పడిపోయింది. తిరిగి పాత అంకె అందుకోవడానికి ఇరవై ఏళ్ళు దాటింది. మన దేశంలో సంస్కరణ గురించి ఆలోచించే నాటికి ఈ నష్టం అందరి కళ్ళ ముందూ ఉంది. తెలిసి తెలిసి దిగారు కాబట్టే 1854 నాటి నిర్ణయం నాకు పెన్నీ తపాలా కంటే సాహసంగా కనిపిస్తుంది.

1850లో ప్రభుత్వం ముగ్గురు కమిషనర్లను వేసింది. బొంబాయి నుంచి కోర్ట్నీ, మద్రాసు నుంచి ఫోర్బ్స్, బెంగాల్ నుంచి సిసిల్ బీడన్. గవర్నర్ జనరల్ డల్హౌసీ. మరుసటి ఏడు నివేదిక వచ్చింది. కమిషనర్ల ముందున్న చిక్కుల్లో దూరం లెక్క ఒకటైతే, రెండోది నగదు. తపాలా కూలి అంతా రొక్కంగా చేతులు మారేది. ఉత్తరం ఇంత బరువు, ఊరు ఇంత దూరం, కాబట్టి ఇంత కట్టు అని చెప్పేది కచేరీ గుమాస్తా. తులం ఎంతో, కోసుకు రేటు ఎంతో ఉత్తరం తెచ్చిన రైతుకెలా తెలుస్తుంది? గుమాస్తా చెప్పిందే వేదం. అణా ఎక్కువ తీసుకున్నా తెలియదు, తీసుకున్నది పద్దులో పడిందో లేదో అసలే తెలియదు.

ఇక ముందుగా డబ్బు కట్టకుండా పంపిన ఉత్తరం సంగతి. మనవాళ్ళు దాన్ని బేరింగు ఉత్తరం అన్నారు. అది వచ్చి గుమ్మం ముందు నిలబడిందంటే అప్పులవాడు వచ్చినట్టే. లోపల పెళ్ళి కబురుందో చావు కబురుందో విప్పితే గాని తెలియదు, డబ్బిస్తే గాని విప్పనివ్వరు. పుచ్చుకోనంటే బంట్రోతు దాన్ని వచ్చిన దారినే మోసుకుపోవాలి. రానూ పోనూ రెండు మోతలు, రాబడి సున్నా. దీనికి తోడు దొరలకు ఉచితంగా ఉత్తరాలు పంపుకునే హక్కు ఒకటి. సర్కారు పని పేరుతో పోయే సంచుల్లో ఇంటి కబుర్లు ఎన్ని పోయేవో ఎవరు చూడొచ్చారు?

ఈ గందరగోళం మీద వచ్చింది 1854 నాటి 17వ చట్టం. చిత్రమేమిటంటే 1837 చట్టం నంబరు కూడా 17వదే. గ్రంథాలయంలో ఒకటి అడిగితే ఇంకొకటి తెచ్చిస్తారు, నాకు అనుభవమే. కొత్త చట్టం ప్రకారం పావు తులం లోపు ఉత్తరానికి అర్ధణా. అర తులానికి అణా. తులానికి బేడ. దూరం ప్రసక్తి లేదు. కాకినాడ నుంచి మచిలీపట్నానికైనా, పెషావరుకైనా అదే అర్ధణా. ముందుగా కట్టకపోతే పుచ్చుకునేవాడు రెట్టింపు ఇచ్చుకోవాలి. దొరల ఉచిత హక్కుకు కళ్ళెం వేశారు. దేశం మొత్తం తపాలాకు డైరెక్టర్ జనరల్ అనే కొత్త పదవి పెట్టి, వాయవ్య పరగణాల నుంచి రిడెల్ అనే ఉద్యోగిని తెచ్చి కూర్చోబెట్టారు. ఆయన కింద ఒక్కో రాజధానికి ఒక్కో పోస్టుమాస్టర్ జనరల్. వేరే పనులకు తోకగా ఉన్న తపాలా సొంతకాళ్ళ మీద నిలబడింది.

చట్టంలో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా తోచేది ఆ రెట్టింపు. ఎవరినీ బలవంతపెట్టలేదు, బేరింగు ఉత్తరాన్ని నిషేధించలేదు. పంపేవాడు కడితే అర్ధణా, కట్టకపోతే అవతలివాడు అణా కట్టాలి. అణా ఖర్చు పెట్టించాడని బావమరిది నలుగురిలో అంటాడేమోనన్న బెరుకు తపాలా ఇన్‌స్పెక్టరు చేయలేని పని చేస్తుంది. ఉత్తరం మీద బాకీ పుచ్చుకునేవాడి నెత్తి మీద నుంచి పంపేవాడి నెత్తికి మారింది. ఆ తరువాత గుమ్మంలోకి వచ్చిన కాగితం అడిగేదేమీ లేదు, ఇచ్చి పోతుంది.

పావు తులం అంటే ఎంత? బంగారం కొట్టులో అడిగితే చిన్న చెవిదిద్దు ఒకటి చూపిస్తారు. ఇప్పటి కొలతలో 2.9 గ్రాములు. ఈ రోజు మనం ప్రింటర్‌లో పెట్టుకునే ఏ4 కాగితం ఒక్కటే 5 గ్రాములు తూగుతుంది. ఆ కాగితంలో సగానికి కాస్త పైన చింపి, అందులోనే ‘ఇక్కడ మేమంతా క్షేమం’ మొదలుకొని చిరంజీవులకు దీవెనల దాకా కుదించాలి. కవరు కూడా ఆ బరువులోదే. మహారాజశ్రీ అని మొదలుపెట్టి బిరుదులన్నీ చిరునామాలో పేర్చే మనవాళ్ళకు ఇది గట్టి పరీక్షే. తూచడం మాత్రం తేలిక. రూపాయి తులమైతే పావలా కాసు పావు తులమే కదా. త్రాసులో ఒక పావలా వేస్తే చాలు, ఏ గుమాస్తా చెప్పే లెక్కా అక్కర్లేదు.

ఇక స్టాంపు. రొక్కం బెడద పోవాలంటే ముందుగా అమ్మిన కాగితం ముక్క కావాలి. ఈ ప్రయోగం అప్పటికే సింధులో జరిగింది. అక్కడి కమిషనరు బార్టిల్ ఫ్రేర్ 1852 జులై 1న అర్ధణా స్టాంపులు తెచ్చాడు. ‘సిందే డాక్’ అని అచ్చొత్తిన ఎర్ర లక్క బిళ్ళలు కొన్ని. కరాచీ ఎండకు అవి పెళుసెక్కి, సంచుల్లో రాసుకుని, ముక్కలైపోయేవి. కాగితం మీద ఎత్తుగా ఒత్తినవి కూడా వేశారు. ఆసియాలో మొదటి స్టాంపులన్న కీర్తి వాటికి దక్కింది, ఆయుష్షు మాత్రం రెండేళ్ళే.

దేశమంతటికీ సరిపడా స్టాంపులు ఎక్కడ తయారు చేయాలి? మొదట కలకత్తా టంకశాలలో కల్నల్ ఫోర్బ్స్ సింహం, తాటిచెట్టు ఉన్న అచ్చు ఒకటి చేసి చూపించాడు. అందంగానే ఉంది, కావలసినన్ని గడువులోగా కొట్టే దారే లేదు. అప్పుడు సర్వేయర్ జనరల్ కార్యాలయంలో ఉన్న కెప్టెన్ థ్యూలియర్ ముందుకొచ్చాడు. ఆయన పని దేశపటాలు అచ్చేయడం. నున్నగా అరగదీసిన రాతి మీద జిడ్డు సిరాతో బొమ్మ దింపి అచ్చు తీసే లిథో పద్ధతి ఆయనకు కొట్టిన పిండి. పటాలు అచ్చయ్యే రాళ్ళ మీదే స్టాంపులు ఎందుకు అచ్చవవన్నాడు. రికార్డుల్లో ‘నుమెరొద్దీన్’ అని రాసి ఉన్న ఒక స్వదేశీ పనివాడు రాణి తలను చెక్కాడు.

1854 ఏప్రిల్‌లో అర్ధణా స్టాంపులు ఎర్రని ఇంగిలీకపు రంగులో మొదలయ్యాయి. ఇంగ్లీషువాడి వెర్మిలియన్‌ను మన పాతకాలపు మాటలో ఇంగిలీకం అనాలి. ఆ ఇంగిలీకపు సిరా విలాయతీ సరుకు. కాసిన్ని వందల పుటలు అచ్చవగానే నిండుకుంది. ఇక్కడ దొరికిన రంగుతో నడిపిద్దామంటే అది రాతినే తినేసింది, గీతలు పాడయ్యాయి. మళ్ళీ ఓడలో సిరా వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు. చేతిలో ఉన్నది నీలం. సరే నీలమే కానిమ్మన్నారు. మే నెలలో నీలం అర్ధణాలు మొదలై కోట్లలో అచ్చయ్యాయి. ఎర్రవి చలామణీలోకి రానే లేదు. పుటకు 96 స్టాంపులు, అంటే 48 అణాలు, మూడు రూపాయల సరుకు. పోస్టుమాస్టరు లెక్క చెప్పుకోవడానికి ఇంతకన్నా హాయి ఏముంది? పుటలు లెక్కబెట్టుకుంటే సరి.

అణా స్టాంపు ఎర్రది, బేడది పచ్చది. పావలా స్టాంపుకు రెండు రంగులు: ఎర్రటి చట్రం, అందులో నీలం తల. రెండు రంగులంటే ఒకే కాగితం రెండుసార్లు అచ్చుకు పోవాలి. రెండోసారి కొన్ని పుటలు తలకిందులుగా పెట్టారు, విక్టోరియా రాణి శీర్షాసనం వేసింది. అలాంటివి ప్రపంచంలో ఇప్పుడు కొద్ది పదులకు మించి లేవు. ఒకటి దొరికితే ఇల్లు కట్టుకోవచ్చు. నేను చూసింది మాత్రం నీలం అర్ధణానే, ఒక ప్రదర్శనలో అద్దం కింద. పైన ఇండియా, కింద హాఫ్ అణా, రెండూ ఇంగ్లీషు అక్షరాలే. కొనేవాళ్ళలో ఎక్కువమంది చదవలేని రెండు మాటలు. అంచున చిల్లులు లేవు, గుమాస్తా కత్తెరతో కత్తిరించి ఇచ్చేవాడు. నేను చూసినదాన్ని కత్తిరించినవాడు తొందరలో ఉన్నట్టున్నాడు, కుడివైపు రాణి కొప్పు దాకా కోసేశాడు.

1854 అక్టోబరు 1 నుంచి స్టాంపులూ కొత్త రేట్లూ అమలయ్యాయి. రెండేళ్ళ తరువాత పదవి దిగిపోతూ రాసిన నివేదికలో డల్హౌసీ తన పాలన సాధించిన మూడు గొప్ప సాధనాలుగా రైలునూ తంతినీ ఒకే ధర తపాలానూ చెప్పుకున్నాడు. పెషావరు నుంచి కన్యాకుమారికి అర్ధణాకు పోయే ఉత్తరానికి పాత రోజుల్లో దానికి పదహారింతలు తక్కువ కాకుండా పడేదని లెక్క చూపాడు. పెషావరు సరిహద్దున కొత్తగా చేరిన స్కాట్లండు సిపాయి తల్లికి ఆరు పెన్నీలకు ఉత్తరం రాసుకోగలడనీ, మూడేళ్ళ కిందట ఆ డబ్బుకు ఉత్తరం లాహోరు దాటేది కాదనీ మురిసిపోయాడు. లెక్క నిజమే. ఆయన తలుచుకున్నది స్కాట్లండు తల్లిని, కడప జిల్లా తల్లిని కాదు. ఉదాహరణలే ఒక్కోసారి మనసులో మాట బయటపెడతాయి.

ఎందుకంటే చట్టం వచ్చే నాటికి దేశం మొత్తం మీద ఉన్న పోస్టాఫీసులు 701. జిల్లా కేంద్రంలోనో దండు దిగిన చోటో ఉండేవి. పల్లెలో ఉన్నవాడికి పెషావరు అర్ధణా దూరమే గాని, పోస్టాఫీసు రెండు రోజుల నడక. 1861 నాటికి పోస్టాఫీసులు 889 అయ్యాయి, ఏడాదికి దాదాపు 4.3 కోట్ల ఉత్తరాలు, 45 లక్షల పైన వార్తాపత్రికలు నడిచాయి. ఉత్తరాలు పెరిగినంత వేగంగా పోస్టాఫీసులు పెరగలేదని ఈ అంకెలే చెబుతాయి. ధర తగ్గించడం కాగితం మీద ఒక్క రోజు పని. ఊరికొక పోస్టాఫీసు తెరవాలంటే జీతాలు కావాలి, ఒకే ధర పెట్టిన తపాలాకు చేతిలో మిగులు ఉండదు. తపాలా నుంచి ఆదాయం పిండుకోవాలా, పెట్టిన ఖర్చు తిరిగొస్తే చాలనుకోవాలా అన్న పేచీ అక్కడే మొదలైంది. దాన్ని ఏ చట్టమూ తేల్చలేదు, 1866ది గాని, 1898ది గాని. 2023లో వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టం ఉత్తరాల మీద సర్కారు గుత్తహక్కునే వదిలేసింది, అది వేరే కథ.

తెలుగువాళ్ళకు ఇంకో మెలిక ఉంది. 17వ చట్టం కంపెనీ ఏలుబడి వరకే. కృష్ణకు అటువైపు నిజాం సర్కారు. సికిందరాబాదు దండులోనూ రెసిడెన్సీ దగ్గరా ఇంగ్లీషువాళ్ళ పోస్టాఫీసులు ఉన్నా, సంస్థానం లోపల నిజాం తపాలాది వేరే దారి. దివాను మొదటి సాలార్‌జంగు హయాంలో 1869లో హైదరాబాదు సొంత స్టాంపులు వేసుకుంది. 1871 నాటి స్టాంపు మీద ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు ఒక మూలన తెలుగు అక్షరాలు కూడా చోటు చేసుకున్నాయి. రాణి తల ఉన్న స్టాంపు మీద దొరకని చోటు అది. నిజాం తపాలా భారత తపాలాలో కలిసింది 1950 ఏప్రిల్ 1న.

పావు తులం మీద సణుగుడు మాత్రం పదిహేనేళ్ళు సాగింది. 1869లో అర్ధణాకే అర తులం దాకా ఒప్పుకున్నారు. ఇప్పుడు త్రాసులో పావలాకు బదులు అర్ధరూపాయి వేయాలి. అప్పటికీ చాలామందికి అర్ధణా భారమే. ఆ భారం సగం చేసిన మందపాటి కాగితం ముక్క 1879 జులై 1న వచ్చింది. కవరు లేదు, దాపరికం లేదు, పోస్టుమాను చదివి వినిపించినా తప్పు పట్టడానికి లేదు.

(వచ్చే వారం: కాలణా కార్డు)